ఫంకడెలిక్ తొలినాళ్ళ పాటలు, 'మ్యూజిక్ ఫర్ యువర్ మదర్': తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ఆల్బమ్ గురించి ఒక్కసారి నోరు జారానంటే చాలు, స్నేహితుల దగ్గర్నుంచి ఆఫీసులో పక్క సీటు వాళ్ళ దాకా ఇవే ప్రశ్నలు వేస్తుంటారు. ప్రతిసారీ గంటసేపు ఫోన్లో చెప్పే ఓపిక లేక ఒకచోట రాసి పెడుతున్నాను. అన్నిటికీ ఒకే పొడుగు జవాబులు ఆశించకండి. కొన్నిచోట్ల నాకు నోరు ఆగదు.

అసలు ఇదేం ఆల్బమ్?

అమెరికాలో డెట్రాయిట్ నగరం నుంచి పనిచేసిన ఫంకడెలిక్ అనే బ్యాండు 1969 నుంచి 1976 దాకా వెస్ట్‌బౌండ్ రికార్డ్స్ అనే కంపెనీకి చేసిన సింగిల్స్‌ని వరసగా పేర్చిన రెండు సీడీల సంకలనం. 1990ల మొదట్లో వచ్చింది. బ్యాండు తొలి సింగిల్ పేరు 'మ్యూజిక్ ఫర్ మై మదర్', అంటే మా అమ్మ కోసం సంగీతం. సంకలనానికి దాన్నే కాస్త తిప్పి 'మీ అమ్మ కోసం' అని పెట్టారు. అమ్మ అన్న మాట గుర్తుంచుకోండి. ఈ కథలో ఆవిడ మళ్ళీ మళ్ళీ వస్తుంది.

ఈ బ్యాండు వాళ్ళు ఎవరు? ఆ పేరేంటి?

కథ ఒక సెలూన్‌లో మొదలవుతుంది. 1941లో నార్త్ కరోలినాలో పుట్టిన జార్జ్ క్లింటన్ న్యూజెర్సీలోని ప్లెయిన్‌ఫీల్డ్‌లో పెరిగాడు. అక్కడ సెలూన్ నడుపుతూ 'ది పార్లమెంట్స్' అనే జట్టుతో పాటలు పాడేవాడు. ఐదుగురు మగవాళ్ళు, చక్కగా ఇస్త్రీ చేసిన సూట్లు. ఒకడు పాడుతుంటే మిగతావాళ్ళు వంత అందుకుంటారు. ఆ పద్ధతిని డూ-వాప్ అంటారు. 1967లో వాళ్ళ 'టెస్టిఫై' పాట హిట్టయింది, ఆర్ అండ్ బీ (నల్లవాళ్ళ పాటల) చార్టులో 3వ స్థానం, పాప్ చార్టులో 20వ స్థానం.

హిట్టు కొట్టాక ఊరూరా తిరగాలి, వెనక వాయించేవాళ్ళు కావాలి. సెలూన్‌లో పనిచేసే బిల్లీ నెల్సన్ అనే కుర్రాడు గిటార్ పట్టుకున్నాడు. తనకన్నా బాగా వాయించే స్నేహితుడు ఎడ్డీ హేజెల్‌ని లాక్కొచ్చి, తను బేస్ గిటార్‌కి మారిపోయాడు. ఎడ్డీకి అప్పటికి 17 ఏళ్ళు. వాళ్ళమ్మ ససేమిరా పంపనంది. క్లింటన్, నెల్సన్ ఇద్దరూ కలిసి ఆవిడని బతిమాలి ఒప్పించారు. ఆవిడ గనక ఆ రోజు పట్టు సడలించకపోతే ఈ పేజీ ఉండేది కాదు.

అంతలో పాత రికార్డు కంపెనీతో పేచీ వచ్చింది, 'పార్లమెంట్స్' అనే పేరు కొన్నాళ్ళు వాడుకునే వీల్లేకుండా పోయింది. క్లింటన్ బుర్ర ఇక్కడ పాదరసంలా పనిచేసింది. పేరు పోయింది పాడేవాళ్ళది. వాయించే కుర్రాళ్ళకి అలాంటి చిక్కు లేదు. కాబట్టి వెస్ట్‌బౌండ్‌తో ఒప్పందం వాయించేవాళ్ళ పేరు మీద కుదిరింది, అసలు పార్లమెంట్స్ ఐదుగురూ ఊరూ పేరూ లేని అతిథుల్లా పాడి వెళ్ళారు. కొత్త పేరు పెట్టింది నెల్సనే. ఫంక్‌కి సైకడెలిక్ అతికిస్తే ఫంకడెలిక్.

పార్లమెంట్, ఫంకడెలిక్ ఒకటేనా వేరు వేరా?

మనుషులు ఒకటే, బోర్డులు రెండు. తర్వాత పేరు తిరిగొచ్చాక క్లింటన్ చివరి అక్షరం తీసేసి 'పార్లమెంట్' అని ఇంకో కంపెనీతో కూడా ఒప్పందం చేసుకున్నాడు. మోటుగా చెప్పాలంటే బాకాలు, డాన్సు ఎక్కువగా ఉంటే పార్లమెంట్, గిటార్ గోల ఎక్కువగా ఉంటే ఫంకడెలిక్. 1997లో గొప్ప సంగీతకారుల్ని గౌరవించే రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకున్నప్పుడు రెండు పేర్లూ కలిపి ఒకే బృందంగా 16 మందిని తీసుకున్నారు.

సైకడెలిక్ ఫంక్ రాక్ అంటే ఏమిటి? వినగానే ఎలా గుర్తుపట్టాలి?

మూడు ముక్కలుగా చెప్తాను. ఫంక్ అంటే దరువు. పాట రాగం మీద కాకుండా తాళం మీద నడుస్తుంది, బేస్, డ్రమ్ములు, గిటార్ అన్నీ ఒకే దరువుకి తలో ముక్కా అందిస్తాయి. మన తాళంలో సమం ఎక్కడ పడుతుందో అక్కడ బలంగా ఒక దెబ్బ పడాలి. ఫంక్‌కి ఆద్యుడైన గాయకుడు జేమ్స్ బ్రౌన్ బృందం నేర్పిన పాఠమిది. ఆ బృందంలో వాయించిన బూట్సీ కాలిన్స్ 1972లో ఇటొచ్చి చేరాక ఆ దెబ్బ ఇంకా తేటగా వినిపిస్తుంది.

రాక్ అంటే ఇక్కడ పెద్ద ఆంప్లిఫయర్లు. ఒకసారి టూర్‌లో తమ సామాను సమయానికి రాకపోతే, అదే వేదిక మీద ఉన్న వెనిల్లా ఫడ్జ్ అనే రాక్ బ్యాండు పెట్టెలు అరువు తీసుకుని వాయించామని, ఆ చప్పుడుకి మతిపోయి తామూ అవే కొన్నామని క్లింటన్ చెప్తుంటాడు.

ఇక సైకడెలిక్ అంటే స్టూడియోలో చేసే మాయ. కాలితో తొక్కితే గిటార్ చంటిపిల్లాడిలా 'వా వా' అనే పెడల్, స్వరాన్ని బరకగా మార్చే ఫజ్, టేపు మీద రికార్డు చేసి క్షణం ఆలస్యంగా మళ్ళీ వినిపించే ఎకో. గొంతు కుడి చెవిలో మొదలై ఎడమ చెవికి నడిచి వెళ్తుంది. హెడ్‌ఫోన్స్ లేకపోతే ఈ సగం తమాషా పోయినట్టే.

ఇలాంటి సంగీతం డెట్రాయిట్‌లోనే ఎందుకు పుట్టింది?

ఆ ఊళ్ళో రెండు లోకాలు పక్కపక్కనే ఉండేవి. ఒకపక్క మోటౌన్ అనే రికార్డు కంపెనీ. కార్ల ఫ్యాక్టరీలో బిగించినంత నీటుగా పాటలు బిగించి వదిలేది, పాడేవాళ్ళకి నడక దగ్గర్నుంచీ నేర్పించేది. క్లింటన్ కొన్నాళ్ళు వాళ్ళకి పాటలు రాశాడు కూడా. ఇంకోపక్క ఎంసీ5, స్టూజెస్ లాంటి తెల్లవాళ్ళ రాక్ బ్యాండ్లు, చొక్కాలు విప్పేసి వేదిక బద్దలుకొట్టే రకం. వీటి మధ్య 1967 జులైలో నల్లవాళ్ళకీ పోలీసులకీ మధ్య అల్లర్లు రేగి ఊరు ఐదు రోజులు తగలబడింది, 43 మంది చనిపోయారు. ఆ తర్వాత సూట్లు వేసుకుని తీపి ప్రేమపాటలు పాడటం కుదరలేదు. పార్లమెంట్స్ సూట్లు విప్పేశారు. కొందరు డైపర్లు, దుప్పట్లు కట్టుకుని వేదిక ఎక్కేవాళ్ళు.

తమాషా ఏమిటంటే, 1970లో వచ్చిన ఫంకడెలిక్ తొలి ఆల్బమ్‌లో మోటౌన్ స్టూడియో కళాకారులు కొందరు పేరు వేయించుకోకుండా వాయించి వెళ్ళారు.

ఈ పాటలు వాళ్ళ ఆల్బమ్‌లలో ఉన్నవే కదా, మళ్ళీ ఈ సంకలనం ఎందుకు?

అన్నీ ఆల్బమ్‌లలో లేవు, ఉన్నవి కూడా అచ్చం ఇలా లేవు.

సింగిల్ అంటే ఏడంగుళాల చిన్న ప్లేటు. నిమిషానికి 45 చుట్లు తిరుగుతుంది, ఒక్కో వైపు సుమారు మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. మన ఇళ్ళల్లో కూడా సినిమా పాటల చిన్న రికార్డులు ఉండేవి, తాతల కాలం పెట్టెలో వెతికితే ఇప్పటికీ ఒకటో రెండో దొరుకుతాయి. పై వైపు రేడియోకి, జూక్‌బాక్సుకి పనికొచ్చే పాట. కింది వైపు ఏదో ఒకటి. ఆ 'ఏదో ఒకటి' దగ్గరే ఈ బ్యాండు అసలు అల్లరి చేసింది. 'ఫిష్, చిప్స్ అండ్ స్వెట్' అనే 1970 పాట అలా కింది వైపు పుట్టిందే. 'ఐ వానా నో ఇఫ్ ఇట్స్ గుడ్ టు యూ' ఆల్బమ్‌లో ఆరు నిమిషాలు సాగుతుంది. చిన్న రికార్డుకి దాన్ని కుదించి ఒకవైపు గొంతులు, రెండోవైపు ఉత్త వాయిద్యాలు పెట్టారు. 'రెడ్ హాట్ మామా' ముగిసిపోతుందనుకునే చోట, దాని కొనసాగింపు 'వైటల్ జూసెస్' అనే పేరుతో రికార్డు వెనకవైపు దొరుకుతుంది.

నన్నడిగితే కుదించినవే చాలాసార్లు బాగుంటాయి. ఫంకడెలిక్ ఆల్బమ్‌లలో సోది కూడా ఉంటుంది, అభిమానులు ఒప్పుకోరు గానీ. మూడు నిమిషాల హద్దు పెడితే అదే బ్యాండు ఒక్క ముక్క వృథా చేయదు.

ఎప్పుడూ వినలేదు. ఏ పాటతో మొదలుపెట్టాలి?

మొదటిదానితోనే. 'మ్యూజిక్ ఫర్ మై మదర్' 1969 నాటిది. నెమ్మదిగా, బురదలో నడిచినట్టు ఒక దరువు. పాడటం కూడా కాదు, ఒకడు మాట్లాడుతుంటాడు. మిసిసిప్పిలో 'పరిగెత్తుతూనే ఉండు' అనే అర్థం వచ్చే పేరున్న ఊరికి వెళ్ళానని, అక్కడ అసలు సిసలు ఫంక్ లాంటిదేదో చెవిన పడిందని చెప్తాడు. నల్లవాళ్ళు ఆ రాష్ట్రంలో ఎందుకు పరిగెత్తాల్సి వచ్చేదో ఆ పేరులోనే ఉంది, వేరే వివరణ ఇవ్వడు. వెనకాల నలుగురూ మూలుగుతున్నట్టు వంత. కోరస్ అనేది గుడిలో భజనకీ పొలంలో కూలీల పాటకీ మధ్యలో ఎక్కడో ఉంటుంది. తొలి రికార్డుతో ఎవరైనా డాన్సు కట్టే పాట ఇస్తారు. వీళ్ళు ఇది ఇచ్చారు.

తర్వాత 'ఐల్ బెట్ యూ' వినండి. విన్నాక అదే పాటని మైకేల్ జాక్సన్ అన్నదమ్ముల బ్యాండు జాక్సన్ 5 పాడిన రూపం వెతకండి, 1970 నాటి వాళ్ళ 'ఏబీసీ' ఆల్బమ్‌లో ఉంది. మైకేల్ జాక్సన్‌కి అప్పటికి 11 ఏళ్ళు. ఒకే పాట ఒక ఇంట్లో బడి యూనిఫాం వేసుకుంది, ఇంకో ఇంట్లో రాత్రంతా నిద్రపోకుండా తిరిగొచ్చింది.

మూడోది 'కెన్ యూ గెట్ టు దట్', 1971. ఫంకడెలిక్ అంటే గోల అనుకునేవాళ్ళకి నేను ఇదే వినిపిస్తాను. ప్లగ్గు పెట్టని మామూలు గిటార్, చర్చిలో పాడినట్టు ఆడా మగా గొంతులు, మధ్యలో పార్లమెంట్స్ ఐదుగురిలో ఒకడైన రే డేవిస్ గొంతు బావిలోంచి వచ్చినట్టు లోతుగా పలుకుతుంది. విషయమేమో ప్రేమలో దివాలా. ప్రేమ ఖాతాలో డబ్బులు లేకుండా చెక్కులు రాసిచ్చావు, బౌన్సవుతున్నాయి అంటాడు. మా ఇంట్లో ఫంకడెలిక్ పాటల్లో ఎవరూ కట్టెయ్యమని అనని పాట ఇదొక్కటే.

కొన్ని పాటలు ఇంకెక్కడో విన్నట్టున్నాయి. కాపీ కొట్టారా?

వాళ్ళ పాటలే వాళ్ళు మళ్ళీ మళ్ళీ వాడుకున్నారు. ఇప్పుడు చెప్పిన 'కెన్ యూ గెట్ టు దట్' అంతకుముందు పార్లమెంట్స్ పాడిన 'వాట్ యూ బీన్ గ్రోయింగ్' అనే పాటకి కొత్త రూపం. 'రెడ్ హాట్ మామా' కూడా ముందు పార్లమెంట్ పేరుతో వచ్చింది. పాత పట్టుచీర చింపి పరికిణీ కుట్టించినట్టు. సెలూన్ రోజుల నాటి గట్టి పాట కింద ఉండబట్టే పైన ఎంత పిచ్చి చేసినా పాట విరిగిపోలేదు. ఈ రకం సంగీతం చేసిన చాలా బ్యాండ్లకి లేనిది ఆ పునాదే.

'మ్యాగట్ బ్రెయిన్' ఇందులో ఎందుకు లేదు? అదే కదా వాళ్ళ గొప్ప పాట?

పది నిమిషాల పాట చిన్న రికార్డు మీద పట్టదు, అంతే కారణం. కానీ అడిగారు కాబట్టి చెప్తాను.

1971 ఆల్బమ్‌లో మొదటి పాట అది, ఆల్బమ్ పేరూ అదే. మొదట్లో క్లింటన్ నాలుగు ముక్కలు మాట్లాడతాడు, ఆ తర్వాత చివరిదాకా ఎడ్డీ హేజెల్ గిటారే. రికార్డింగుకి ముందు క్లింటన్ అతనితో, మీ అమ్మ చనిపోయిందని ఇప్పుడే తెలిసినట్టు వాయించు, తర్వాత ఆవిడ బతికే ఉందని తెలిసినట్టు వాయించు అన్నాడట. ఎడ్డీ ఒకే ఊపులో వాయించేశాడు. మిక్సింగ్‌లో కూర్చుని విన్న క్లింటన్ బేస్, డ్రమ్ముల్ని దాదాపు పూర్తిగా తగ్గించేశాడు. కింద సన్నగా తీగలు మీటే ఇంకో గిటార్ మాత్రం మిగిలింది. అందుకే ఖాళీ ఇంట్లో ఒక్కడే కూర్చుని ఏడుస్తున్నట్టు ఉంటుంది. బ్యాండు మొత్తం వినిపించే మిక్స్ తర్వాత 2005 సీడీ ముద్రణలో వేశారు. అది విన్నాక క్లింటన్ చేతికి దండం పెట్టాలనిపించింది. తీసేయడం కూడా వాయించడమే.

17 ఏళ్ళ కొడుకుని టూర్‌కి పంపనన్న ఆ అమ్మ పేరు గ్రేస్ కుక్. 1974లో ఒప్పందాల గొడవల వల్ల ఎడ్డీ తన పేరు వేసుకోలేక, పాటల కింద రచయితగా అమ్మ పేరే వేశాడు. ఈ సంకలనంలో ఉన్న 'స్టాండింగ్ ఆన్ ద వర్జ్ ఆఫ్ గెటింగ్ ఇట్ ఆన్' అలా ఆవిడ పేరు వేసిన పాటే. ఎడ్డీ 1992 డిసెంబరులో 42 ఏళ్ళకే పోయాడు. అంత్యక్రియల్లో 'మ్యాగట్ బ్రెయిన్' వినిపించారు.

వీళ్ళంతా డ్రగ్స్ మత్తులో చేశారంటారు, నిజమా?

చాలావరకు నిజమే, క్లింటన్ దాచుకోలేదు. 1970 నాటి రెండో ఆల్బమ్ మొత్తం, లేనివి కనబడేలా చేసే ఎల్‌ఎస్‌డీ మత్తులో ఉండి రికార్డు చేయగలమా అని చూశామని అతనే చెప్పాడు. దీన్ని హీరోయిజంలా చెప్పుకునేవాళ్ళంటే నాకు చిరాకు. రిథమ్ గిటార్ వాయించిన టాల్ రాస్ 1971లో అదే మత్తు వికటించి బ్యాండు వదిలి వెళ్ళిపోయాడు. ఇంకో సంగతి, 1970లో చేరిన కీబోర్డు కళాకారుడు బెర్నీ వారెల్ బోస్టన్‌లోని న్యూ ఇంగ్లండ్ కన్సర్వేటరీలో శాస్త్రీయ సంగీతం చదువుకున్నవాడు. ఈ పాటల్లో గాల్లో తేలినట్టు అనిపించే ఆర్గన్ వెనక ఏళ్ళ తరబడి సాధన ఉంది.

పాటల్లో బూతులున్నాయా? పిల్లల ముందు పెట్టొచ్చా?

ఉన్నాయి. కొన్ని పేర్లలోనే ఉన్నాయి. హెడ్‌ఫోన్స్ వాడండి.

కానీ బూతుల కంటే గట్టి సంగతులు వేరే ఉన్నాయి. 1973 నాటి 'కాస్మిక్ స్లాప్' వినండి. ఐదుగురు పిల్లల తల్లి, వాళ్ళ కడుపు నింపడానికి రాత్రిళ్ళు ఒళ్ళు అమ్ముకుంటుంది. పాడేది కొడుకు, బ్యాండు గాయకుడు గ్యారీ షైడర్ గొంతు. రాత్రి అమ్మ దేవుణ్ణి క్షమించమని వేడుకోవడం విన్నానంటాడు. ఇంత బరువైన మాటలకి కాళ్ళు కదిలించే దరువు కట్టారు. కోరస్‌లో సైతాను ఆవిడని డాన్సుకి రమ్మని పిలుస్తుంటాడు. మొదటిసారి పాట నచ్చి తల ఊపుతూ విన్నాను. మాటలు అర్థమయ్యాక తల ఊపడానికి సిగ్గేసింది.

వాయించినవాళ్ళకి డబ్బులు వచ్చాయా?

ఈ కథలో నాకు నచ్చని భాగం ఇదే. బిల్లీ నెల్సన్ 1971లోనే డబ్బుల దగ్గర క్లింటన్‌తో గొడవపడి వెళ్ళిపోయాడు. పాటల హక్కులేమో వెస్ట్‌బౌండ్ యజమాని ఆర్మెన్ బొలాడియన్‌కి చెందిన బ్రిడ్జ్‌పోర్ట్ మ్యూజిక్ చేతికి వెళ్ళాయి. వాటి మీద క్లింటన్ ఏళ్ళ తరబడి కోర్టుల్లో పోరాడాడు.

హిప్‌హాప్ అనే ర్యాప్ పాటల ఒరవడి వచ్చాక ఈ పాత పాటల ముక్కలు కత్తిరించి కొత్త పాటల్లో అతికించడం మొదలైంది. 2001లో బ్రిడ్జ్‌పోర్ట్ ఒకేసారి సుమారు 800 మంది మీద దాదాపు 500 ఆరోపణలతో దావా వేసింది. అందులో ఒకటి చరిత్రలో నిలిచింది. 1975 నాటి ఒక ఫంకడెలిక్ పాట మొదట్లో వచ్చే గిటార్ నుంచి రెండు సెకన్ల ముక్కని ర్యాప్ పాడే ఎన్‌డబ్ల్యూఏ బృందం తీసుకుని, శ్రుతి తగ్గించి, తిప్పి తిప్పి వాడుకుంది. వినేవాళ్ళకి అది ఫలానా పాటదని తెలిసే అవకాశమే లేదు. అయినా ఫెడరల్ అప్పీలు కోర్టు 2005లో రికార్డింగు వాడాలంటే లైసెన్సు తీసుకోండి, లేదా ముట్టుకోకండి అని తేల్చేసింది. 2016లో ఇంకో అప్పీలు కోర్టు దీంతో విభేదించింది, అది వేరే గొడవ.

క్లింటన్ చెప్పే కథ ప్రకారం ఆ పాటలో గిటార్ వాయించింది బ్యాండు మనిషే కాదు. హెరాయిన్ అలవాటున్న ఒక తెల్ల కుర్రాడు స్టూడియోలోకి నడిచొచ్చి, అదరగొట్టి, చేతిలో పెట్టిన కొన్ని డాలర్లు తీసుకుని వెళ్ళిపోయాడట. మళ్ళీ కనబడలేదు. లాయర్లు మాత్రం అందరూ పేరూ ఊరూ ఉన్నవాళ్ళే.

ఫోన్లో వింటే ఏమీ తెలియట్లేదు, ఎందుకు?

ఫోన్ స్పీకర్‌లో బేస్ ఉండదు. ఈ పాటల్లోంచి బేస్ తీసేస్తే సాంబారులోంచి పప్పు తీసేసినట్టే. మామూలు వైరు ఇయర్‌ఫోన్స్ చాలు, ఖరీదైనవి అక్కర్లేదు. ఈక్వలైజర్‌లో బేస్ మరీ పెంచకండి, పాత రికార్డింగులు బుర్రుమంటాయి.

వినైల్ (పాతకాలం ప్లేటు రికార్డు) కొన్నాను. పాట మొత్తం పడవలో ఊగినట్టు వస్తోంది. కావాలని అలా చేశారా?

నేనూ అదే అనుకున్నాను. ఆన్‌లైన్‌లో ఒకతని దగ్గర ఫంకడెలిక్ పాత రికార్డు చవగ్గా దొరికిందని సంబరపడి తెప్పించాను. స్వరం మెల్లగా పైకి, మెల్లగా కిందికి. ఆహా, సైకడెలిక్ అంటే ఇదీ అని వారం రోజులు మురిసిపోతూ విన్నాను, వచ్చినవాళ్ళకి కూడా వినిపించాను.

ఒకరోజు కళ్ళు రికార్డు మీద పడ్డాయి. సూది పట్టుకున్న చెయ్యి ప్రతి చుట్టుకీ ఎడమకీ కుడికీ ఊగుతోంది. మధ్య చిల్లు నడిమిలో లేదు, పక్కకి జరిగింది. అట్ట చూస్తే బొమ్మ చుక్కలు చుక్కలుగా ఉంది, ఎవరో అసలు అట్టని స్కాన్ చేసి ప్రింటు తీసిన దొంగ ముద్రణ. మీరూ అలాగే చూడండి. చెయ్యి ఊగుతుంటే తప్పు చిల్లుది. చెయ్యి నిలకడగా ఉండి పాట మాత్రమే ఊగుతుంటే అప్పుడు ఫంకడెలిక్ అనుకోవచ్చు.